విరిగిన చెవి



ఆదివారాలు నేను కర్రతో బొమ్మలు చెక్కుతానంటే పిల్లలు నమ్మరు. మాదాపూర్ శిల్పారామంలో కొన్న కొండపల్లి ఏనుగును చూసి మొదలుపెట్టాను. ఆ బొమ్మలను తేలికైన తెల్ల పొణికి కర్రతో చేస్తారు. భాగాలను విడివిడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికిస్తారు.

అదెందుకో తెలియక నేను ఏనుగంతా ఒకే ముక్కలో చెక్కబోయాను. కర్ర నారకు అడ్డంగా, పల్చగా ఉన్న చెవి పుటుక్కున విరిగింది. మూడు వారాల పని!

ఆ ఏనుగును అలాగే ఇంగ్లిష్ క్లాసుకు తీసుకెళ్లాను. తప్పు వస్తుందని నోట్‌బుక్‌లో ఖాళీలు వదిలేసే ఒక బాబు దాన్ని అటూ ఇటూ తిప్పి, "మీకూ విరిగిపోయిందా, మేడమ్?" అన్నాడు. ఆ రోజు పేరా మొత్తం రాశాడు. ఏడు స్పెల్లింగ్ తప్పులున్నాయి. ఎర్ర పెన్ను తీయడానికి నాకు చేయి రాలేదు.

ఈ ఆదివారం మీ పిల్లలకు ఓ సబ్బుబిళ్ల, ఐస్‌క్రీమ్ పుల్ల ఇచ్చి, మీరూ ఒకటి తీసుకుని పక్కన కూర్చోండి. వాళ్లు చేప చేసినా, పడవ చేసినా సరిదిద్దకండి. మీది విరిగితే మాత్రం దాచకండి, వాళ్లకు చూపించండి.