సుర్రుమని పీల్చి... మార్కులేస్తారు!

విశాఖ అనగానే ఓడరేవూ ఉక్కు కర్మాగారమూ గుర్తొస్తాయి. బైలదిల్లా నుంచి ఆ రేవుకి ఇనుప ఖనిజాన్ని మోసుకొచ్చే కిరండూల్ రైలు మార్గమే పర్యటకుల్ని అరకు కొండల్లోకీ తీసుకెళ్తుంది. యాభైకి పైగా సొరంగాలు దాటి పైకెళ్తే... సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని అల్లుకున్న మిరియాల తీగలు, ఆ నీడన కాఫీ తోటలు!

అక్కడ కప్పు కాఫీ తాగి 'బాగుంది' అనేస్తారు ఎవరైనా. ఎంత బాగుందో అంకెల్లో చెప్పేవాళ్లూ ఉన్నారు. ఆ పరీక్షే 'కప్పింగ్'. పాలు, పంచదార, చికోరీ... ఏవీ ఉండవు. 150 మిల్లీలీటర్ల నీటికి 8.25 గ్రాముల పొడి. ముందు పొడి వాసన చూస్తారు. తర్వాత 93 డిగ్రీల వేడి నీళ్లు పోసి సుమారు నాలుగు నిమిషాలు ఆగుతారు. పైన కట్టిన తెట్టుని చెంచాతో పక్కకి జరుపుతూ ముక్కు దగ్గర పెట్టి పీలుస్తారు. కాస్త చల్లారాక చెంచాడు కాఫీని సుర్రుమని శబ్దం వచ్చేలా జుర్రుతారు. మర్యాద తప్పడం కాదది, కాఫీ నాలుకంతా పరుచుకోవాలనే! రుచి చూసి ఉమ్మేస్తారు. లేకపోతే అన్ని కప్పులు తాగి నిద్రపోవడం కష్టమే మరి.

సువాసన, పులుపు, తీపి, చిక్కదనం, మింగాక మిగిలే రుచి... ఇలా అన్నీ లెక్కేసి నూటికి మార్కులిస్తారు. 80 దాటితే 'స్పెషాలిటీ' కాఫీ. ఒక్కో రకాన్ని అయిదు కప్పుల్లో పోస్తారు. ఎందుకంటారా? ఒక్క చెడ్డ గింజ చాలు, కప్పు మొత్తం పాడవడానికి. నాలుగు బాగుండి ఒకటి తేడాగా ఉంటే ఆ సంగతి అక్కడే దొరికిపోతుంది.

అందుకే అసలు పరీక్ష తోటలోనే మొదలవుతుంది. ఒకే కొమ్మకి పచ్చికాయా పండూ కలిసే ఉంటాయి. కొమ్మంతా ఒకేసారి దూసేస్తే పని తొందరగా అయిపోతుంది కానీ రుచి పోతుంది. ఎర్రగా పండినవే ఏరాలంటే అదే చెట్టు దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లాలి. ఆ ఓపికకి తగ్గ ధర దక్కాలంటే మార్కులు రావాలి. గిరిజన రైతుల కాఫీలకు నాంది ఫౌండేషన్ 'జెమ్స్ ఆఫ్ అరకు' పేరుతో పోటీలు పెట్టి విదేశీ నిపుణులతో రుచి చూపించింది అందుకే. 2017లో అరకు కాఫీకి పారిస్‌లో దుకాణమే వెలిసింది. 2019లో అరకు అరబికాకి భౌగోళిక గుర్తింపూ దక్కింది.

పేరొచ్చాక దాన్ని నిలుపుకోవడమే కష్టం. 2025లో అరకు ప్రాంతంలో కాయతొలుచు పురుగు కనిపించింది. పండులోకి దూరి గింజలోనే గుడ్లు పెట్టే ఈ పురుగుని అదుపు చేయాలంటే, సోకిన కాయల్ని తీసేసి నాశనం చేయాల్సిందే. అంటే రైతు ఏడాది కష్టాన్ని తన చేత్తోనే వదులుకోవడం!

ఈసారి అరకు వెళ్తే ఓ పని చేయండి. పాల కాఫీ తాగే ముందు రెండు గుక్కలు పాలు లేకుండా రుచి చూడండి. వేడిగా ఉన్నప్పుడొకటి, చల్లారాక ఒకటి. చల్లారాకా బాగుంటే... పండుని చూసి కోసిన చేతికి మీరూ నాలుగు మార్కులు వేసేయొచ్చు.