నా రూపాయి ఏ పాటకు?

మహబూబ్‌నగర్‌లో పంతులుగా పనిచేసే మిత్రుడొకడు, వాళ్లమ్మ పాడే నాట్ల పాటలు కొన్నిటిని సొంత ఖర్చుతో రికార్డు చేసి ఒక స్ట్రీమింగ్ యాప్‌లో పెట్టాడు. ఆ యాప్‌కు నేను నెలనెలా చందా కడతాను. పోయిన నెలంతా ఆ పాటలే విన్నానని గొప్పగా చెబితే నవ్వాడు. "విన్నవు, సంతోషమే. గని నీ పైసలు నాకు రాలే." ఏడాదికి తనకు ముట్టింది మా ఇద్దరి చాయ్‌కి కూడా చాలదట. వాళ్లమ్మ దగ్గర ఇంకా చాలా పాటలున్నాయి. స్టూడియోకే డబ్బుల్లేవు.

పొరపాటు ఎక్కడ జరిగిందని ఆరా తీస్తే, అది పొరపాటు కాదు, పద్ధతి అని తేలింది. చాలా యాప్‌లు చందాలన్నిటినీ ఒకే కుప్పగా పోస్తాయి. తమ వాటా తీసుకుని, మిగిలినదాన్ని మొత్తం శ్రోతలు ఏ పాటను ఎన్నిసార్లు విన్నారన్న లెక్కన పంచుతాయి. చందా కూడా ఓటులాంటిదే అనుకున్నాను. కానీ రాజకీయ శాస్త్రంలో చదువుకున్న 'ఒక మనిషికి ఒక ఓటు' ఇక్కడ చెల్లదు. రోజంతా పాటలు మోగించేవారికి ఎక్కువ ఓట్లు, గంటసేపు వినేవారికి తక్కువ. కట్టే చందా మాత్రం ఇద్దరికీ ఒకటే. స్పాటిఫై మరో అడుగు ముందుకేసింది. ఏడాదిలో కనీసం 1,000 సార్లు వినని పాటకు రికార్డింగ్ రాయల్టీ లెక్కించకూడదని 2024లో నిబంధన తెచ్చింది. చిల్లర మొత్తాలు కళాకారుల చేతికి చేరవన్నది దాని వాదన.

అలాగని క్యాసెట్ల కాలమే నయమనలేం. అప్పుడు చాలామందికి దక్కింది ఒకసారి ఇచ్చే పారితోషికమే. సినిమా పాట రాసినవారు, స్వరపరిచినవారు రాయల్టీ హక్కును నిర్మాతకు రాసిచ్చేయకుండా చట్టం అడ్డుపడింది 2012 సవరణతోనే.

దారులు లేకపోలేదు. శ్రోత చందా ఆ శ్రోత విన్నవారికే చేరే పద్ధతిని సౌండ్‌క్లౌడ్ 2021లో స్వతంత్ర కళాకారుల కోసం మొదలుపెట్టింది. బ్యాండ్‌క్యాంప్‌లో పాటను నేరుగా కొనుక్కోవచ్చు. డిజిటల్ అమ్మకాల్లో సంస్థ వాటా సాధారణంగా 15 శాతం, చెల్లింపు రుసుములు అదనం.

నేను యాప్ మానలేదు. రాత్రిపూట ఘంటసాల లేకపోతే నాకు నిద్ర పట్టదు. కానీ ఏడాది చందాకు సమానమైన మొత్తాన్ని మిత్రుడికి ఫోన్‌లోనే పంపి, పాటల ఫైళ్లు అడిగి తీసుకున్నాను. "గిన్ని పైసలెందుకు?" అన్నాడు. ఆ వెంటనే అడిగాడు: "ఆదివారం స్టూడియోకు అమ్మను తీస్కపోతున్న, వస్తవా?"