రివిజనిస్టు అనే మాట

కొన్ని మాటలు ఏ వీధిలోకి వెళితే ఆ వీధి వేషం కడతాయి. రివిజను అలాంటిదే. బడిపిల్లవాడికి అది పరీక్షల ముందు పాఠాలు మళ్ళీ తిరగెయ్యడం. చరిత్ర రాసేవాడికి వృత్తిధర్మం. పార్టీ మనిషిని మాత్రం రివిజనిస్టు అన్నారంటే, అంతకు మించిన తిట్టు లేదు.

ఆ తిట్టు మా ఇంటికి 1964లో వచ్చింది. ఆ జులైలో డాంగే నాయకత్వాన్ని కాదన్నవాళ్ళు తెనాలిలో సమావేశమయ్యారు; ఏడాది పోకముందే కమ్యూనిస్టు పార్టీ రెండయింది. మా నాన్న పాతదాంట్లో ఉండిపోయాడు, మేనమామ కొత్తదాంట్లోకి వెళ్ళాడు. అంతవరకూ ఒకే సైకిలు మీద సభలకు వెళ్ళినవాళ్ళే! మామయ్య మా అరుగు మీద నిలబడి, "బావా, నువ్వు రివిజనిస్టువి" అన్నాడు. "నువ్వు చైనా ఏజెంటువి" అన్నాడు నాన్న. కాఫీ చల్లారిపోతోందని లోపల్నించి అమ్మ కేకేసింది. మామయ్య తాగకుండానే వెళ్ళిపోయాడు.

మరుసటేడు అక్క పెళ్ళికి కూడా రాలేదు. పెళ్ళికూతుర్ని బుట్టలో మోసుకురావలసిన మేనమామ లేక, వరస కలిసిన దూరపు చుట్టం ఎవరో మోశాడు. మా అమ్మమ్మకు మార్క్సూ తెలియదు, మావో తెలియదు. ఆ బుట్ట సంగతి మాత్రం పోయేదాకా చెప్పుకుని కళ్ళు తుడుచుకునేది.

1968లో ఆంధ్రలో ఆ కొత్త పార్టీ కూడా చీలింది. కాలేజీలో చదివే మామయ్య కొడుకు తండ్రిని "నయా రివిజనిస్టు" అన్నాడట. ఆ కబురు వింటే నాన్న నవ్వుతాడనుకున్నాం. నవ్వలేదు.

ఈ బిరుదు మొదట అందుకున్నవాడు జర్మనీలోని ఎడ్వర్డ్ బెర్న్‌స్టీన్. పెట్టుబడిదారీ వ్యవస్థ కుప్పకూలే జాడలేమీ లేవు, సంస్కరణలతోనే ముందుకు పోవాలి అని 1899లో పుస్తకం రాశాడు. తప్పో ఒప్పో, తాను దేన్ని మారుస్తున్నాడో బాహాటంగా చెప్పాడు. చెప్పకుండా మార్చినవాళ్ళ సంగతి చూడండి. సోవియట్ మహా విజ్ఞాన సర్వస్వంలో స్టాలిన్ రహస్య పోలీసు అధిపతి బేరియాను ఆకాశానికెత్తే వ్యాసం ఉండేది. 1953 డిసెంబరులో ఆయన్ను కాల్చేశారు. ఆ తరువాత చందాదారులకు కొత్త కాగితాలు వచ్చాయి, పాత పేజీలను కత్తెరతోనో బ్లేడుతోనో కోసేసి వీటిని అంటించుకోమని. వాటిలో బేరింగు సముద్రం గురించి ఉంది. మనిషి పోయి సముద్రం వచ్చింది! ఆ పని చేయించినవారిలో ఎవరూ తమను రివిజనిస్టులని అనుకుని ఉండరు.

అసలు తిరగరాయడమే కూడదంటే, మనం ఇంకా హాల్వెల్ దొర లెక్కే వల్లిస్తూ ఉండేవాళ్ళం. 1756లో కలకత్తా చీకటి కొట్లో 146 మందిని కుక్కితే తెల్లవారేసరికి 123 మంది చచ్చిపోయారని ఆయన రాశాడు. లోపలికి వెళ్ళినవారే 64 మంది ఉంటారని 1959లో బ్రిజెన్ గుప్తా అనే చరిత్రకారుడు తేల్చాడు. చావులు జరగలేదని ఆయన అనలేదు. లెక్క సరిచేశాడు, అంతే.

ఈ మర్యాదను దొంగిలించినవారూ ఉన్నారు. హిట్లరు యూదులను చంపించిన గ్యాసు గదులే లేవనేవాళ్ళు తమకు తాము రివిజనిస్టులని పేరు పెట్టుకున్నారు. వారిలో డేవిడ్ ఇర్వింగ్ పరువునష్టం దావా వేస్తే, సాక్ష్యాలను కావాలనే వంకర చేశాడని 2000లో లండన్ న్యాయస్థానం అతనికే చీవాట్లు పెట్టింది. నన్నడిగితే, చరిత్రకారుడు తనకు అడ్డం వచ్చే కాగితాన్ని కూడా మన ముందు పరుస్తాడు. ఇటువంటివాడు దాన్నే దాచేస్తాడు.

కథలవాళ్ళ దగ్గర ఇంత పేచీ అక్కరలేదు. వ్యాసుడి భారతంలో శశిరేఖ ఎక్కడుంది? 1957లో మాయాబజారు చూసి ఎవరైనా అలిగారా? త్రిపురనేని రామస్వామి చౌదరి శంబూకుడి పక్షాన నాటకం రాస్తే మాత్రం గొడవ చేశారు. ఓల్గా 'విముక్త'లో సీత వెళ్ళి శూర్పణఖతో మాట్లాడుతుంది. 2015లో ఆ పుస్తకానికి కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమానం ఇచ్చింది. అందువల్ల వాల్మీకి పుస్తకంలో ఒక్క కాగితమూ చిరగలేదు. రెండూ మా బీరువాలో పక్కపక్కనే ఉన్నాయి.

కథ చరిత్ర చొక్కా తొడుక్కుంటేనే చిక్కు. 2022లో 'ఆర్ ఆర్ ఆర్' వచ్చింది. తీసినవారు అంతా కల్పితమని ముందే చెప్పారు. అయినా మా మనవడు, "అల్లూరీ, కొమరం భీమూ నిజంగా ఎక్కడ కలుసుకున్నారు తాతయ్యా?" అని పట్టుకున్నాడు. కలుసుకోలేదురా అని పటం పరిచి, అల్లూరి ప్రాణం తీసిన కొయ్యూరు దగ్గర 1924 అనీ, భీము నేలకొరిగిన జోడేఘాట్ దగ్గర 1940 అనీ పెన్సిలుతో వేసి చూపించాను. వాడు ఆ రెండింటి మధ్యా స్కేలు పెట్టి కొలిచి, కాసేపు ఆలోచించి, "ఎప్పుడో రైల్లో వచ్చి ఉంటారులే" అన్నాడు.