చేటలో బియ్యం

హల్దియాపదర్ బస్టాండులో ఇచ్ఛాపురం బస్సు కోసం కూర్చున్నాను మొన్న. ఒళ్లో 'దేవదాసు'. అట్టకు పాత క్యాలెండర్ కాగితం. వేసింది అమ్మ.

మా బరంపురం తెలుగువాళ్లకు శరత్ బాబు ఎప్పుడూ పరాయివాడు కాడు. కొంత చక్రపాణి అనువాదాల చలవ. కొంత, హౌరా నుంచి మద్రాసు పోయే రైలు మా ఊరి మీదుగా పోవడం.

అందరూ పార్వతి కోసం ఏడుస్తారు. నాకు గొంతు పట్టేసేది పాండువా స్టేషన్లో. రోగంతో సగమైన దేవదాసు, నిద్రపోతున్న ముసలి నౌకరు ధర్మదాసును లేపకుండా అక్కడ దిగిపోతాడు. అక్కణ్ణుంచి హాతీపోత దాకా ఎడ్లబండి. ఆ దారంతా అతనికి తోడున్నది ప్రియురాలు కాదు, స్నేహితుడూ కాదు, కిరాయికి వచ్చిన బండివాడు. 1917లో అచ్చయిన ఆ నవలలో దుఃఖం లోతెంతో నాకు ఆ బండిలోనే తెలిసింది.

పార్వతీ చంద్రముఖీ నవలలో అసలు కలుసుకోరు. 2002 నాటి హిందీ సినిమాలో ఇద్దరినీ కలిపి ఆడించారు. అప్పట్లో నవ్వుకున్నాను. ఇప్పుడనిపిస్తుంది, ఒకే మనిషి కోసం ఏడ్చిన ఇద్దరు ఆడవాళ్లు ఒక్కసారి ఒకచోట కూర్చుంటే బాగుండునన్న ఆశ తప్పేం కాదని. కాకపోతే డాన్సు దేనికి!

మన వారపత్రికల సీరియళ్లలో నాయిక స్నేహితురాలి పనులు మనకు కంఠతా వచ్చు. ఉత్తరం చేరవెయ్యాలి, ఆటపట్టించాలి, పెళ్లిలో బుగ్గన చుక్క పెట్టాలి. నాయికకు కష్టమొస్తే మాత్రం పేజీన్నర ఓదార్పు. నిజంగా ఏడుస్తున్నవాళ్ల దగ్గర ఎవరూ అంత మాట్లాడరు.

నాన్న పోయినప్పుడు చూశాను. ఒడిశాలో మకర సంక్రాంతినాడు నేస్తం కట్టే ఆచారం ఉంది. అలా కుదిరిన నేస్తాన్ని పేరుతో కాదు, 'మకర' అనే పిలుస్తారు. అమ్మకు అలాంటి మకర ఒకావిడ ఉండేది. ఒడియా మనిషి, మాకు మావుసీ. పదో రోజు దాటి చుట్టాలంతా వెళ్లిపోయాక రోజూ మధ్యాహ్నం వచ్చేది. చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరేది. అమ్మ ముందు ఇంకో చేట. నిన్న ఏరిన బియ్యమే మళ్లీ ఏరేవారు.

ఒకరోజు అమ్మ ఉన్నట్టుండి అంది:

"ఆ రోజు ఆయన ఇంకో గ్లాసు టీ అడిగారు మకరా. పాలు లేవన్నాను. ఉన్నాయి."

మావుసీ తలెత్తలేదు. "హఁ" అని, చేట ఒకసారి చెరిగి మళ్లీ ఏరడం మొదలుపెట్టింది.

ఏ ప్రేమ నవలలోనైనా ఆ టీ గ్లాసు ఒక్కటి కనిపిస్తే చాలు, నాయకుడి పొడవాటి కారునూ మేడనూ నేను క్షమించేస్తాను. ఆ "హఁ" అనే మనిషి కూడా ఉంటే ఆ రచయిత్రికి దణ్ణం పెడతాను. చాలావాటిలో రెండూ ఉండవు.

మావుసీ ఇప్పుడు ఇచ్ఛాపురంలో కొడుకు దగ్గర ఉంటోంది. అమ్మ వస్తువుల్లో ఏం కావాలని అడిగితే, పట్టుచీరలు వద్దంది, మధ్యాహ్నాలు అమ్మ చదివి వినిపించిన ఈ పుస్తకం ఇమ్మంది. అదే తీసుకెళ్తున్నాను. ఆవిడకు తెలుగు చదవడం రాదు.