కారు ఎవరిది?

మా మహబూబ్‌నగర్‌కు పేరిచ్చిన ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఇంగ్లండు నుంచి రోల్స్ రాయిస్ కారు తెప్పించుకోదలిచాడు. అది రాకముందే, 1911లో కన్నుమూశాడు. బార్కర్ కంపెనీ బాడీ కట్టిన ఆ 1912 సిల్వర్ ఘోస్ట్ కొడుకు ఉస్మాన్ అలీఖాన్‌కు దక్కింది. పసుపు రంగు, వెనక సింహాసనం లాంటి సీటు. వేడుకలకే తప్ప బయటికి తీసింది తక్కువ. 1967లో ఆయన పోయాక మనవడు ముకర్రం జా వారసుడయ్యాడు. ఇప్పుడది హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. టికెట్టు కొని నేనూ చూశాను.

మా తాత ఎడ్లబండి కూడా నాయనకే వచ్చింది. ఇరుసు అరిగేదాకా తోలిండు. ఆ కాలంలో నిజాం ఖజానాకు పెద్ద రాబడి రైతు కట్టిన శిస్తే. మరి ఆ కారు హక్కుదారుల్లో మా తాతముత్తాతల పేర్లేవి?