బలి అనాలా, త్యాగం అనాలా?

ముందే చెప్పేస్తున్నా, ఇందులో మూడు వీడియో గేముల ముగింపులు బయటపెడతాను. ఆడదామనుకునేవాళ్ళు ఆడొచ్చాకే చదవండి.

2015లో వచ్చిన 'లైఫ్ ఈజ్ స్ట్రేంజ్'లో మాక్స్ అనే అమ్మాయికి కాలాన్ని వెనక్కి తిప్పే శక్తి వస్తుంది. దాంతో స్నేహితురాలు క్లోయీని చావు నుంచి తప్పిస్తుంది. అలా తప్పించినందుకే వాళ్ళ ఊరు ఆర్కేడియా బే మీదికి పెద్ద సుడిగాలి వస్తుంది. చివర్లో స్క్రీన్ మీద రెండే దారులుంటాయి: క్లోయీ పోవాలి, లేదా ఊరు పోవాలి. రెండిటికీ ఇంగ్లీషులో ఒకటే క్రియ వాడారు, 'శాక్రిఫైస్'.

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి. బటన్ల మీద ఏం రాయాలా అని మీటింగుల్లో గంటలు గంటలు వాదించుకోవడం నా ఉద్యోగంలో భాగం. ఈ రెండు బటన్లనీ తెలుగు చేయాల్సొస్తే ఏం రాస్తానా అని ఒకసారి కూర్చుంటే, తేలలేదు. ఎందుకంటే ఆ ఒక్క మాటకి మన దగ్గర రెండున్నాయి. మనది మనం వదులుకుంటే త్యాగం. ఇంకొకళ్ళని ఇచ్చేస్తే బలి. ఏ మాట వాడాలో తెలియాలంటే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. పోగొట్టుకునేవాళ్ళని అడిగారా?

అలా చూస్తే ఆ రెండు దారులూ ఒకటి కాదు. నన్ను పోనివ్వు, మా అమ్మా ఊళ్ళోవాళ్ళూ ఇలా చావాల్సినవాళ్ళు కాదు అని క్లోయీ తనే మాక్స్‌ని అడుగుతుంది. తన నోటితో తను అంది కాబట్టి అది త్యాగం. ఊళ్ళో మాత్రం ఒక్కరిని కూడా ఎవరూ అడగలేదు. అది బలి. ఈ ఆట గురించి మాట్లాడేవాళ్ళు చాలామంది ఒక ప్రాణమా, ఊరంతానా అని తలలు లెక్కపెడతారు. ఆ లెక్కలో ఈ తేడా కనపడదు.

2013 నాటి 'ద లాస్ట్ ఆఫ్ అస్'లో ఎల్లీ అనే పిల్లకి జబ్బు అంటదు. ఆమె మెదడు తీస్తే ప్రపంచానికి మందు దొరుకుతుందని డాక్టర్ల ఆశ. ఆపరేషన్ బల్ల మీద ఆ పిల్ల స్పృహలో లేదు. జోయెల్ వచ్చి అడ్డొచ్చినవాళ్ళని చంపి ఆమెని ఎత్తుకుపోతాడు, తర్వాత ఆమెకి అబద్ధం చెప్తాడు. అతను చేసింది తప్పా ఒప్పా అన్న వాదన ఇప్పటికీ నడుస్తోంది. నాకు మాత్రం రెండు పక్షాలూ ఒక విషయంలో ఒకటే అనిపిస్తుంది. ఎల్లీని ఎవరూ అడగలేదు. తర్వాతైనా నిజం చెప్పలేదు.

ఈ 'అడిగారా' అనేది నేను ఆటల్లో నేర్చుకోలేదు, మా కడప జిల్లాలో విన్నాను. జమ్మలమడుగు దగ్గర పెన్నా మీద గండికోట జలాశయం ఉంది, 26.85 టీఎంసీలది. గాలేరు-నగరి పథకం కింద శ్రీశైలం నుంచి వచ్చే కృష్ణా నీళ్ళు అక్కడ చేరతాయి. అక్కణ్ణుంచి మోటార్లతో ఎత్తి పైడిపాళెం, చిత్రావతి జలాశయాలకి, అంటే పులివెందుల వైపుకి పంపిస్తారు. 2020లో గండికోటలో నీటిమట్టం పెంచుతూ పోయారు. కొండాపురం మండలంలోని తాళ్ళప్రొద్దుటూరులోకి నీళ్ళొచ్చాయి. పరిహారం అందేదాకా, వేరేచోట ఇళ్ళు కట్టుకునేదాకా గడువివ్వండని ఊరివాళ్ళు ధర్నాకి కూర్చున్నారు. ఊరు మునిగింది.

మా మామకి పులివెందుల దగ్గర చీనీ తోట ఉంది. ఆయన అక్కని, అంటే మా పెద్దమ్మని, ఇచ్చింది ముంపు ఊళ్ళలో ఒకదానికి. ఆ తర్వాత ప్రొద్దుటూరులో ఒక పెళ్ళిలో ఇద్దరూ ఒకే బంతిలో పక్కపక్కన కూర్చున్నారు. మామ మనసులో ఉన్నదే అన్నాడు.

"అక్కా, మీరు చేసిన త్యాగం మేం మర్చిపోములే."

పెద్దమ్మ విస్తరి మీంచి తల ఎత్తలేదు.

"త్యాగమా? మమ్మల్నెవరడిగినార్రా? అడిగింటే ఇచ్చిందుమేమో."

మామని తప్పు పట్టలేను. నీళ్ళు రాకముందు నాలుగు బోర్లు వేయించి, ఎండిన చీనీ చెట్లని తన చేత్తో కొట్టించి కట్టెలకి అమ్ముకున్నాడు. ఇప్పటికీ ప్రతి కాపుకీ అక్కకి ఒక మూట కాయలు పంపిస్తాడు. ఆమె వాటిని కాలనీలో ఇంటింటికీ పంచుతుంది. మా తరం చదువులకి కొంత డబ్బు ఆ తోట నుంచే వచ్చింది. కాబట్టి ఒడ్డున ఉన్నవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఆమె 'ఇవ్వం' అనలేదు. 'ఇచ్చిందుమేమో' అంది. ఆ 'ఏమో'కి చోటిచ్చిన ఆట నాకు తెలిసి ఒక్కటే, 2017లో వచ్చిన 'నియర్: ఆటోమేటా'. దాని చివరి ముగింపులో ఒక యుద్ధం వస్తుంది. ఒంటరిగా గెలవడం దాదాపు అసాధ్యం. ముక్కూమొహం తెలియని ఆటగాళ్ళు సాయానికొస్తారు. గెలిచాక తెలుస్తుంది, వాళ్ళు తమ సేవ్ డేటా మొత్తం పోగొట్టుకుని మనకి ఆ సాయం చేశారని. అప్పుడు ఆట మనల్ని అడుగుతుంది. ఎవరో తెలియని మనిషి కోసం నువ్వూ నీది చెరిపేస్తావా? ఆ మనిషి నీకు గిట్టనివాడైనా సరేనా? మళ్ళీ మళ్ళీ అడుగుతుంది. వద్దంటే మన డేటా మన దగ్గరే ఉంటుంది. నేను సరేనన్నాను. నలభై గంటల ఆట, నా కళ్ళ ముందే ఒక్కొక్కటిగా చెరిగిపోయింది.

సేవ్ డేటా ఇల్లు కాదు. నేను మళ్ళీ మొదలుపెట్టుకోగలను, పెద్దమ్మ ఆ ఊళ్ళో మళ్ళీ కాపురం పెట్టలేదు. కానీ ఎవరిది పోతుందో వాళ్ళనే అడగడం, వద్దనే వీలుంచడం, జవాబు వచ్చేదాకా ఆగడం అన్నవి ఆ ఆటలో ఉన్నాయి. ఇవి లేకుండా ముంపు ఊళ్ళవాళ్ళకి 'మీ త్యాగం మరువలేనిది' అని చెప్తే, ఇచ్చే అవకాశం కూడా లాగేసుకుని, ఇచ్చినట్టు వాళ్ళ పేరు మీద రాసుకున్నట్టే. అడిగి ఉంటే వాళ్ళు ఏమనేవారో ఇక ఎప్పటికీ తెలియదు. పెద్దమ్మకి కూడా తెలియదు.