ఆ మెసేజ్‌లో టైము ఏది?



2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. డ్రోన్లతో కూడా అన్నం పొట్లాలు, నీళ్లు పంపాల్సివచ్చిన వరద అది. గుంటూరులో ఉన్న నా ఫోను నిండా మేడల మీద చిక్కుకున్నవాళ్ల వీడియోలు, పసిపిల్లలకు పాలు కావాలన్న మెసేజ్‌లు. బీఈడీలో నాతో చదివిన స్నేహితురాలి ఇల్లు అక్కడే. అందుకే ఒక్కటీ వదలకుండా చదివాను.

టీచరు బుద్ధి ఎక్కడికి పోతుంది! చాలావాటికి మార్కులు వేయలేం. "సింగ్‌నగర్‌లో ఉన్నాం, కాపాడండి, అందరికీ షేర్ చేయండి" అని ఉంటుంది. సింగ్‌నగర్ ఒక్క వీధి కాదు కదా. పడవలో వెళ్లేవాళ్లకు వీధి పేరు, పక్కన గుడో బడో, ఎన్నో అంతస్తు, ఎంతమంది ఉన్నారన్నది కావాలి. ఎప్పుడు రాశారో కూడా కావాలి. ఫార్వర్డ్ చేసిన మెసేజ్ కింద కనిపించేది మనకు వచ్చిన టైము, బాధితులు రాసిన టైము కాదు. వాళ్లు నిన్ననే బయటపడి ఉండొచ్చు, మెసేజ్ మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంటుంది.

నా స్నేహితురాలు ఇవన్నీ రాసింది. సాయంత్రం ఇంకో మెసేజ్ పెట్టింది: "బయటికి వచ్చేశాం, పాతది ఇక పంపకండి." నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

దాన్నే ఎనిమిదో తరగతికి ఇంగ్లిష్ పీరియడ్‌లో రైటింగ్ టాస్క్‌గా ఇచ్చాను: ఐదు వాక్యాల్లో సాయం అడగండి. ప్రకాశం జిల్లా పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న ఒకబ్బాయి లేచి, "మిస్, కరెంటు లేకపోతే?" అన్నాడు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు వాళ్ల ఊళ్లో మిరప చేలు నీళ్లలో నిలిచాయి, తీయాల్సిన పత్తి తడిసింది. ఫోన్లకు చార్జింగ్ లేదు. ఒక్క ఫోటో కూడా బయటికి రాలేదట. పోస్టులు రాని ఊరు బాగానే ఉందని అనుకోవడానికి లేదు. అలాంటి చోట మనవాళ్లుంటే, వాళ్ల తరఫున మనమే 112కో 1070కో ఫోన్ చేయాలి.

పిల్లలు రాసినవి ఈ నెల పేరెంట్స్ మీటింగ్ రోజు క్లాసు గోడ మీద ఉంటాయి. మీ ఇంటి గుర్తు సరిగ్గా రాశారో లేదో చూడండి. ఒకమ్మాయి "పచ్చ గేటు ఇల్లు" అని రాస్తే, వరదలో గేటు కనపడదని పక్క బెంచీవాళ్లు కొట్టేయించారు.